జారెడు బండి – జారని యభిమానము



ఈ సంక్రాంతికి మా మేనల్లుడు మా యింటికి వచ్చెను. కోడిపందెములకు బోవునేమో యని మేము బెంగపడితిమి. వాడు మూడు దినములును చేతిలోని ఫోను విడువక, మోటారుకార్లు మలుపులలో నడ్డముగా జారుచు పొగలు గ్రక్కు దృశ్యములనే చూచెను. “అత్తయ్యా, ఇది డ్రిఫ్టింగు” అని మాకు జెప్పెను. ముక్కనుమ సాయంకాలము కాలువగట్టుపై మోటారుసైకిలుతో నా విద్యయే చేయబోయి, మోకాలు చీల్చుకొని వచ్చెను. చంటిబిడ్డతో గట్టున బోవుచున్న యొక యిల్లాలికి రెండుబారల దూరమున బండి పడినదట!

గాయమునకు మందు రాయుచు మందలింపబోయితిమి. కాని తెలియనిదానిని నిందించుట వివేకము గాదని, ముందుగా వానిచేతనే చెప్పించుకొంటిమి.

ఈ క్రీడకు జపాను పుట్టినిల్లు. కునిమిత్సు తకహాషి యను పందెగాడు 1970వ దశకమున నీ పద్ధతిని పందెములలో జూపెను. దానిని జూచి కెయిచి త్సుచియా యనునతడు కొండదారుల మలుపులలో సాధన చేసి, ‘డ్రిఫ్టు రాజు’ అని పేరొందెను. 2001లో జపానున డి1 గ్రాండ్ ప్రీ, 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ వరుస పోటీలు మొదలైనవి.

ఇందు ముందుగా గమ్యము చేరుట గెలుపు గాదు. వెనుకచక్రములు పట్టు విడిచి బండి ప్రక్కకు జారుచుండగా, నడుపువాడు ముందుచక్రములను మలుపునకు ఎదురుదిక్కుగా ద్రిప్పి నిలుపుకొనును. జారిన కోణము, పట్టిన దారి, నడిపిన సొగసు – వీనికే మార్కులు. వరదగోదావరిని దాటించు పడవవాడు పడవ ముక్కును రేవునకు ఎగువగా బెట్టి, ఏటవాలుగా జారుచు సరిగా రేవునకే చేర్చుట మన మెరుగమా? తప్పినట్లు కనబడుచు తప్పని యదుపే యిందలి యాకర్షణము.

ఇక నభిమానుల మాట. టొయోటావారు 1983లో దెచ్చిన ఎ.ఇ.86 చిన్నబండి, ఇప్పుడు పాతబడినది. అయినను దానిని ‘హచిరోకు’, అనగా ‘ఎనిమిది–ఆరు’, అని ముద్దుగా బిలుచుకొనువా రెందరో. 1995లో మొదలైన ‘ఇనీషియల్ డి’ యను బొమ్మలకథలో, తండ్రి చేసిన సోయాజున్నును కొండదారిన జేరవేయు బాలుడు నడిపిన దా బండియే.

ఇది మనకు వింత గాదు. కనుమనాడు కోనసీమలో నూరూరివారు తమ ప్రభను భుజములపై నెత్తుకొని, వరిచేలలో నడచి, జగ్గన్నతోటకు జేర్తురు. గంగలకుర్రు అగ్రహారమువారు కౌశికలో దిగి మోయుదురు. అచ్చట గెలుపోటములు లేవు. ‘మా యూరి ప్రభ’ యన్న మమకారమొక్కటే. దమయంతియు రథధ్వని వినియే నలుడు వచ్చెనని తలచెను గదా!

అయితే నలుడు ఋతుపర్ణుని నొక్కదినమున విదర్భకు జేర్చినను, దారిలో నొక ప్రాణికి హాని జరిగినట్లు భారతమున లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేనుసాగరు తీరమున విద్యుత్కార్ల పందెము జరిగినప్పుడు, బాటకు గోడలు, కంచెలు గట్టి జనులను దూరముగా నిలిపిరి. అది డ్రిఫ్టింగు గాదు గాని, నియమ మొక్కటే. మన కాలువగట్టునకు కంచె యేది?

కావున వానిని చూడవద్దని మేము చెప్పలేదు. నేర్వదలచినచో చెన్నపట్టణము చెంత ఇరుంగట్టుకోట్టైలోను, కోయంబత్తూరు చెంతను పందెపు బాటలున్నవనియు, తగినవారి యొద్ద, శిరస్త్రాణము ధరించి నేర్వవలెననియు జెప్పితిమి. అంతకుముందు ఆ యిల్లాలిని క్షమాపణ వేడి రమ్మని పంపితిమి.

ఆమె తిట్టలేదట. బిడ్డను భుజముపై వేసికొని, ఊరక వాని మోకాలివంక జూచి, “నొప్పిగా ఉందా, బాబూ?” అని యడిగెనట. వాడు తిరిగివచ్చి, బండి తాళము తానే మా చేతిలో బెట్టెను.