చదువు చెప్పించింది విశ్వాసమే

సంపాదకులకు,

మత విశ్వాసం ముస్లిం స్త్రీని చదువుకు దూరం చేస్తుందే తప్ప పంతులమ్మను చేయదని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. నేటి ఉత్తర నైజీరియాలోని సొకోటోలో నానా అస్మావు (1793–1864) చేసిన పని చూస్తే ఈ మాట నిలవదు. భార్యలనూ కూతుళ్లనూ అజ్ఞానంలో ఉంచే పండితులను ఆమె తండ్రి ఉస్మాన్ డాన్ ఫోదియో మతాన్ని ఆధారం చేసుకునే తప్పుపట్టాడు. ఆ నమ్మకంతోనే ఆమె పల్లె స్త్రీల కోసం 'యన్ తారు' బృందాలను నిలబెట్టింది. ఒక్కో ప్రాంతానికి 'జాజీ' అనే బోధకురాలు ఒకరు ఉండేది. ఎర్రగుడ్డ చుట్టిన గడ్డిటోపీ ఆమె హోదాకు గుర్తు. అస్మావు దగ్గర పాఠం నేర్చుకుని వెళ్లి, గడప దాటలేని ఇల్లాళ్లకు ఇంట్లోనే చెప్పేది. పుస్తకం దొరకని వాళ్లకు నోటికి వచ్చేలా అస్మావు హౌసాలో పద్యాలు కట్టింది. ఎంత ముందుచూపు!

అది మతబోధే కదా, ఆమె తండ్రి యుద్ధంలో గెలిచి నిలబెట్టిన రాజ్యానికి జనాన్ని అలవాటు చేయడమే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ రెండూ అందులో ఉన్నాయి, కాదనను. అయినా బోధించే అధికారం స్త్రీల చేతికి వచ్చింది. ఆంక్షలు పెట్టినవారూ, చదువు చెప్పినవారూ ఒకే గ్రంథాన్ని చూపినప్పుడు తప్పంతా విశ్వాసం మీదకు నెట్టడం అన్యాయం. 'యన్ తారు' పేరుతో నైజీరియాలో స్త్రీలు ఇప్పటికీ బోధిస్తున్నారు. వ్యాసకర్త వారిని కూడా లెక్కలోకి తీసుకోవాల్సింది.

– ఒక పాఠకురాలు