తుపాకికి బదులు ఊరికి బాట

1997లో మోసపు పొదుపు పథకాలు కుప్పకూలగా అల్బేనియా అట్టుడికింది. ఆయుధాగారాలు కొల్లగొట్టిన జనం లక్షలాది తుపాకులను ఇండ్లకు చేర్చుకొన్నారు.

1999లో గ్రామ్ష్ జిల్లాలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వేరొక మార్గం తొక్కింది. ఆయుధం అప్పగించినవానికి నగదు ఇవ్వక, ఊరందరికీ రోడ్లు, టెలిఫోన్లు, వీధిదీపాలు సమకూర్చింది. దాదాపు 6,000 ఆయుధాలు స్వచ్ఛందంగా వచ్చిచేరాయి. నగదుతో మరో తుపాకి కొనవచ్చు. ఊరి రోడ్డును ఎవరూ అమ్ముకోలేరు. పైగా దాచినవానిని ఇరుగుపొరుగే నిలదీస్తారు.

మల్కన్‌గిరి, కోరాపుట్ అటవీ గ్రామాలకు ఈ పాఠం వర్తిస్తుంది. అక్కడి నాటుతుపాకి వేటకు, పంటకాపలాకు ఆధారం. 2019 చట్టసవరణ ప్రకారం లైసెన్సు లేని సాధారణ తుపాకికి సైతం 2 నుండి 5 ఏండ్ల జైలుశిక్ష ఉన్నది. శిక్షాభయం ఒక్కటే ఉంటే తుపాకి అటకెక్కుతుందే గాని ఠాణాకు చేరదు. అడవిపందుల నుండి పంటను కాచే కంచె ముందు ఊరికి రావాలి. తుపాకి తరువాత దానంతట అదే వస్తుంది.