బిల్లు పాస్ చేసినవాడికి బాధ్యత లేదా?

గాల్లోంచి విభూతి తీసే బాబాని రుజువు చూపమని అడుగుతాం. మంచిదే. కాని "అడవిలో ఎదురుకాల్పులు, ఇంతమంది నక్సలైట్లు హతం" అని పోలీసులు ప్రకటన ఇస్తే ఎంతమంది రుజువు అడుగుతారు? బస్తర్ గురించి మనకి చేరే వార్తలు చాలావరకు అలాంటి ప్రకటనలే.

నేను బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. న్యాయశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కాని ఒకటి తెలుసు. ప్రభుత్వంలో డబ్బు దానంతటది కదలదు. ఒకరు మంజూరు చేయాలి, ఒకరు బిల్లు పెట్టాలి, ఒకరు పాస్ చేయాలి. ప్రతి కాగితం మీదా ఒక సంతకం ఉంటుంది. కనుక బస్తర్‌ని డబ్బు వైపు నుంచి చూద్దాం.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. నక్సలైట్ల మీద ప్రజలే తిరగబడ్డారని ప్రభుత్వం చెప్పింది. ఆ పేరుతో ఆదివాసీ కుర్రాళ్ళని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా, అంటే ఎస్.పి.ఓ.లుగా తీసుకుని తుపాకులిచ్చారు. ఐదో తరగతి పాసైనవారికి ప్రాధాన్యం. నెలకి 3000 రూపాయల గౌరవ వేతనం. అందులో 80 శాతం కేంద్రం రాష్ట్రానికి తిరిగి చెల్లించేది. సుప్రీంకోర్టు అడిగితే కేంద్రం ఏమంది? ఎంతమంది ఉండొచ్చో గరిష్ఠ సంఖ్య ఆమోదించడం, డబ్బు తిరిగి ఇవ్వడం, మా పాత్ర అంతవరకేనంది.

ఆడిట్‌కి ఇలాంటి జవాబు రాస్తే అభ్యంతరం తొలగదు, ఇంకో అభ్యంతరం పుడుతుంది. డబ్బిచ్చినవాడు అది దేనికి ఖర్చయిందో తెలుసుకోవాలి. కోర్టు కూడా ఆ వాదన ఒప్పుకోలేదు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ పద్ధతి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు. ఆ కుర్రాళ్ళని నక్సలైట్ల మీదికి పంపవద్దనీ, అందుకు కేంద్రం నిధులివ్వవద్దనీ ఆదేశించారు. అప్పటికే 173 మంది ఎస్.పి.ఓ.లు చనిపోయారు. వాళ్ళూ ఆదివాసీ బిడ్డలే.

2025లో సుదర్శన్ రెడ్డి గారు ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు, ఈ తీర్పే లేకపోతే నక్సలిజం 2020 నాటికే పోయేదని హోం మంత్రి అమిత్ షా అన్నారు. దీన్ని కూడా రుజువుతోనే తూచాలి. తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక చట్టం చేసి, సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో ఆ ఎస్.పి.ఓ.లనే మళ్ళీ తీసుకుంది. చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పేరు మారింది, మనుషులు వాళ్ళే. మరి తీర్పు ఆపింది ఏమిటి?

డబ్బు లెక్క ఇది. ఇక మనుషుల లెక్క. జుడుంకీ నక్సలైట్లకీ మధ్య నలిగిన వేలమంది సరిహద్దు దాటి మన ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చారు. మనం వాళ్ళని గుత్తికోయలు అంటున్నాం. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అక్కడ ఎస్టీ అయినవాడు ఇక్కడికొస్తే ఎస్టీ కాడు. ఆ సర్టిఫికెట్టు లేకపోతే అటవీ హక్కుల పట్టా అడగడమూ కష్టమే. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీశాఖ వాళ్ళ గుడిసెలు కూల్చింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని గుత్తికోయలు చంపారు. అది ఘోరం, చేసినవారికి శిక్ష పడాల్సిందే. కాని ఆ వెంటనే అక్కడి పంచాయతీ, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కి పంపేయాలని తీర్మానించింది. చంపినవాళ్ళ నేరం పసిపిల్లకెలా అంటుతుంది? వీళ్ళు విదేశీయులా? దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణంలో ఉంది. దాన్ని చట్టం ద్వారా పరిమితం చేయొచ్చు గాని, కోపంతో కాదు.

నక్సలైట్లు చంపలేదా అని అడుగుతారు. చంపారు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లని చంపారు. దానికి ఏ సమర్థనా లేదు. కాని ప్రభుత్వ తూటా మన పన్నుతో, మన పేరు మీద కొన్నది. ఆ లెక్క అడగడం మన పని.

అడగకపోతే ఏమవుతుందో సార్కేగూడ చెబుతుంది. 2012 జూన్ 28 రాత్రి అక్కడ 17 మంది చనిపోయారు. నక్సలైట్లన్నారు. చనిపోయినవారు నక్సలైట్లనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చేసరికి 2019 వచ్చింది. ఏడేళ్ళపాటు ప్రకటనే సత్యంగా చలామణి అయింది.

కాబట్టి నేను కోరేవి మూడు. ప్రతి ఎన్‌కౌంటరు మరణానికీ స్వతంత్ర విచారణ జరగాలి, నివేదిక గడువులోగా బయటికి రావాలి. సరిహద్దు దాటి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ రెండు రాష్ట్రాలూ కలిసి లెక్కించి, ఎవరి బాధ్యతో రాసుకోవాలి. ఆయుధానికి డబ్బిచ్చిన ప్రతి సంతకం, ఆ ఆయుధం చేసిన పనికీ జవాబు చెప్పాలి.

మూడువేల రూపాయలకి వోచరు అడిగే ప్రభుత్వం, మనిషి ప్రాణానికి రుజువు చూపించనక్కర్లేదంటే ఒప్పుకోవడం కూడా మూఢనమ్మకమే.