కాలి పుండు చూసినప్పుడే కిడ్నీనీ చూడండి

సింగరేణి చీఫ్ మెడికల్ ఆఫీసర్ గారికి,

గనుల్లో గమ్‌బూట్లతో ఏళ్లు గడిపినవాళ్ల ఊరు మా రామకృష్ణాపూర్. షుగర్‌తో స్పర్శ పోయిన కాలికి బూటు ఒరిసినా తెలియదు. కిడ్నీ కూడా దెబ్బతింటే పుండు త్వరగా మానదు. కాలు తీసేయాల్సిన ముప్పు, ప్రాణాపాయం రెండూ పెరుగుతాయి. డయాలసిస్ దశలో మరీ ఎక్కువ. చాలా యాంటీబయాటిక్‌ల మోతాదునూ కిడ్నీ పనితీరును బట్టే మార్చాలి.

అందుకే మా ఏరియా ఆసుపత్రికి కాలి పుండుతో వచ్చే ప్రతి షుగర్ రోగికీ, రిటైరైనవారికి సైతం, ఆ రోజే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించాలి. స్పర్శ తగ్గిన డయాలసిస్ రోగుల పాదాలను 1–3 నెలలకోసారి చూడాలన్న అంతర్జాతీయ మార్గదర్శకాన్ని ఇక్కడా నియమం చేయండి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వాడితే కిడ్నీకి చేటని మందుల కౌంటర్ దగ్గరే చెప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కార్మికుడి కొడుకు,
రామకృష్ణాపూర్