నలభై తొమ్మిది చాలు

1956 ఏప్రిల్ 27న రాకీ మార్సియానో న్యూయార్క్‌లో పత్రికల వాళ్లని పిలిచి, ఇక గ్లవ్స్ తొడగనని చెప్పేశాడు. అప్పటికి వయసు 32. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ ఇంకా చేతిలోనే ఉంది. 49 ఫైట్లు చేస్తే 49 గెలిచాడు, వాటిలో 43 నాకౌట్లు. హెవీవెయిట్ ఛాంపియన్లలో ఒక్క ఓటమి గానీ ఒక్క డ్రా గానీ లేకుండా ఇంటికెళ్లినవాడు అతనొక్కడే.

అలాంటివాణ్ణి పట్టుకుని “ఓడిపోతానన్న భయంతో తప్పుకున్నాడు” అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకో రెండేళ్లు ఉండాల్సింది అంటారు. తర్వాత ఛాంపియన్ అయిన కుర్రాడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌తో తలపడి తేల్చుకోవాల్సింది అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొహం పగలగొట్టించుకోవాల్సింది అతను. తేల్చుకోమని తొందరపెట్టేది కుర్చీల్లో కూర్చున్నవాళ్లు.

అతన్ని చిన్నచేసేవాళ్ల దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది. గెలిచిందంతా వయసు మళ్లినవాళ్ల మీదేనని. నిజమే, కాదనను. మార్సియానో చేతిలో ఓడేనాటికి జో లూయిస్‌కి 37 ఏళ్లు, జెర్సీ జో వాల్కాట్‌కి 38. చివరి ఫైట్లో ఎదురుగా నిలబడ్డ ఆర్చీ మూర్‌కి తక్కువలో తక్కువ 38. ఈ వయసులు ఏకరువు పెట్టి అతని గెలుపుల విలువ తగ్గించామనుకుంటారు. అతను ఎందుకు ఆపేశాడో చెప్పే సాక్ష్యం నాకు అందులోనే కనిపిస్తుంది. ఆగాల్సిన చోట ఆగకపోతే మనిషికి ఏమవుతుందో మార్సియానో కంటే దగ్గరగా చూసినవాడు ఇంకొకడు లేడు. ఒక చెయ్యి దూరం నుంచి చూశాడు. ఆ చెయ్యి అతనిదే.

1951 అక్టోబర్ 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఏం జరిగిందో చూడండి. ఎనిమిదో రౌండ్‌లో ఒక లెఫ్ట్ హుక్‌కి లూయిస్ కింద పడ్డాడు. రిఫరీ ఎనిమిది అనేసరికి లేచాడు. లేవకపోయినా బాగుండేది. మళ్లీ లెఫ్ట్ దెబ్బలు, ఆ వెంటనే ఒక రైట్. పన్నెండేళ్ల పాటు ప్రపంచాన్ని ఏలిన మనిషి తాళ్ల మధ్య నుంచి జారిపోయి రింగ్ అంచు మీద వెల్లకిలా పడ్డాడు. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ ఈసారి లెక్కపెట్టనే లేదు, ఆపేశాడు. తర్వాత మార్సియానో లూయిస్ డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి ఏడ్చాడు. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు కోర్టుల గురించి అంటారు. ఇక్కడ ఇంటిదాకా కూడా ఆగలేదు.

లూయిస్ అప్పటికే ఒకసారి మర్యాదగా తప్పుకున్నవాడు. 1949లో, ఛాంపియన్‌గానే. పన్ను బాకీలు అతన్ని మళ్లీ రింగ్‌లోకి ఈడ్చుకొచ్చాయి. యుద్ధకాలంలో, 1942లో, రెండు టైటిల్ ఫైట్లలో వచ్చిన సొమ్ముని నేవీ, ఆర్మీ సహాయ నిధులకి ఇచ్చేసిన మనిషి అతను. అలాంటివాణ్ణి అదే ప్రభుత్వం బాకీలూ వడ్డీలూ అంటూ పీక్కుతింటుంటే, బాక్సింగ్ మీద కోట్లు గడించినవాళ్లలో ఎవరూ అడ్డుపడలేదు. మార్సియానో ఇదంతా మనసులో పెట్టుకున్నాడు. పేదరికం తరిమితే తప్ప మళ్లీ రింగ్‌లో కనిపించనని రిటైర్మెంట్ రోజున చెప్పాడు. బ్రాక్టన్ ఊళ్లో చెప్పుల ఫ్యాక్టరీ కూలీకి పుట్టిన కొడుకు అతను. ఆ షరతు ఊరికే పెట్టలేదు.

ఇక ఓటమి లేదు కదా, ఒళ్లు బాగానే ఉంది కదా, ఇంకెందుకు ఆపడం అనే వాదన. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఓడిన ఫైట్ల దగ్గర సున్నా ఉందంటే తగిలిన దెబ్బలు కూడా సున్నా అని ఎవరు చెప్పారు? మార్సియానో ఆరడుగుల మనిషి కాదు. హెవీవెయిట్లలో అతనివి చాలా పొట్టి చేతులు. అవతలివాడికి తన పంచ్ తగలాలంటే ముందు వాడి పంచ్‌లు తింటూ లోపలికి దూరాలి, వేరే దారి లేదు. వాల్కాట్ మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. మూర్ రెండో రౌండ్‌లో పడగొట్టాడు. 1954 సెప్టెంబర్‌లో ఎజార్డ్ చార్లెస్‌తో రెండోసారి తలపడినప్పుడు ఆరో రౌండ్‌లో ముక్కు కొన చీలిపోయింది. కార్నర్‌లో వాళ్లు ఎంత అదిమినా రక్తం ఆగలేదు. ఏ క్షణాన ఫైట్ ఆపేస్తారో తెలియదు. ఆ ముక్కుతోనే ఎనిమిదో రౌండ్‌లో చార్లెస్‌ని నాకౌట్ చేశాడు. రికార్డు పుస్తకంలో అది “గెలుపు” అన్న మాటగా మిగిలింది. ముక్కు సంగతి ఏ గడిలోనూ రాయరు. జిమ్‌లో స్పారింగ్ పేరుతో ఏళ్ల తరబడి తలకి తగిలినవి అసలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

తల మీద పంచ్ పడితే పుర్రె ఆగినచోట మెదడు ఆగదు. లోపల ఊగుతుంది, మెలితిరుగుతుంది, సన్నటి నరాల పోగులు సాగి తెగుతాయి. గెలిచినవాడి మెదడు, ఓడినవాడి మెదడు అని వేరే వేరే ఉండవు. ఇది అప్పట్లో ఎవరికీ తెలియని సంగతి కూడా కాదు. హారిసన్ మార్ట్‌ల్యాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1928లోనే రాశాడు, దెబ్బలు తిని తిని తూలే నడక, తడబడే మాట, మందగించే బుర్ర బాక్సర్లకి ఎలా వస్తాయో. మార్సియానో రిటైర్ అయ్యేనాటికి ఆ వ్యాసం వచ్చి 28 ఏళ్లు.

అంతా తెలిసి కూడా ఏం చేశారో 1980 చెబుతుంది. లారీ హోమ్స్‌తో ఫైట్‌కి ముందు మహమ్మద్ అలీకి మేయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. కళ్లు మూసుకుని ముక్కు కొన మీద వేలు పెట్టమంటే కాస్త గురి తప్పింది. ఒంటికాలి మీద గెంతడంలో చురుకు లేదు. సీతాకోకచిలుకలా తేలతాడని లోకమంతా చెప్పుకున్న మనిషికి! అయినా నెవాడా కమిషన్ లైసెన్స్ ఇచ్చింది. అక్టోబర్ 2న లాస్ వేగస్‌లో 38 ఏళ్ల అలీ పది రౌండ్లు నిలబడి తిన్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఒక్క రౌండ్ కూడా గెలవలేదు. ట్రైనర్ ఏంజెలో డండీ ఆపించాడు. ఆ రాత్రి కూడా గెలిచినవాడే, హోమ్సే, ఏడ్చాడు. అంతటితోనైనా వదిలారా? మరుసటి ఏడాది డిసెంబర్‌లో బహామాస్‌లో అలీని మళ్లీ రింగ్ ఎక్కించారు. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది.

ఆ హోమ్స్ సంగతే చూడండి. ఆగకపోతే ఏమవుతుందో తన చేతులతోనే తెలుసుకున్నవాడు, 48 ఫైట్ల దాకా ఓటమి లేనివాడు. మార్సియానో అంకెని అందుకోవాలని 1985 సెప్టెంబర్ 21న మైకేల్ స్పింక్స్‌తో దిగి ఓడాడు. తర్వాత స్పింక్స్ చేతిలోనే మళ్లీ ఓడాడు. 1988లో 38 ఏళ్ల వయసులో మైక్ టైసన్ చేతిలో నాలుగో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. హోమ్స్‌ని నేను తప్పుపట్టను. కళ్లారా చూసినవాడికే ఆగడం అంత కష్టమైతే, ఆగగలిగినవాణ్ణి పిరికివాడు అనడానికి నోరెలా వస్తుంది?

మార్సియానోకీ ఆ లాగుడు తప్పలేదు. 1959లో స్వీడన్ వాడు ఇంగెమార్ యోహాన్సన్ టైటిల్ గెలిచాక, ఎదురు నిలబెడతాం రమ్మని ఆశపెట్టారు. అతను గుట్టుగా ఓ నెల ప్రాక్టీస్ చేశాడు కూడా. తర్వాత మానేశాడు. చూశారా, అతనికీ మనసు పీకింది అంటారు. పీకింది, అయినా రాలేదు! నేను మొక్కేది అందుకే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్న మనిషి, ఆ దీపాన్ని మళ్లీ గాలిలోకి తీసుకుపోలేదు.

సొమ్మొకడిది, సోకొకడిది. సంపాదనలో సగం పట్టుకెళ్లే మేనేజర్ ఒకడు, గేటు డబ్బు లెక్కపెట్టుకునే ప్రమోటర్ ఒకడు, వాళ్ల వెనక “ఇంకొక్కటి” అని అరిచే మనం. “గొప్పవాడో కాదో చివర్లోనే తేలుతుంది” అంటాం. ఎవరి చివర? టికెట్ కొన్న మాత్రాన ఒక మనిషి పతనం చూసే హక్కు కూడా అందులో కలిపి కొన్నామా?

యాభయ్యోది ఎందుకు ఆడలేదని అడిగేవాళ్లు 1949 డిసెంబర్ 30 నాటి ఫైట్ ఎత్తరు. అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదుట కార్మైన్ వింగో, 20 ఏళ్ల కుర్రాడు. ఆరో రౌండ్‌లో మార్సియానో దెబ్బకి పడిపోయి, ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. బతికాడు గానీ మళ్లీ రింగ్ ఎక్కలేదు. ఆస్పత్రి ఖర్చుల్లో మార్సియానో కొంత భరించాడు. ఈ 49లో అదొకటి, 43 నాకౌట్లలో అదొకటి. రేపు ఇంకో అజేయుడు చాలు అన్నప్పుడు పిరికివాడనే ముందు వింగో పేరు ఎత్తండి. లైసెన్సులు ఇచ్చే కమిషన్ల ముందు, గేటు డబ్బు పంచుకునేవాళ్ల ముందు ఎత్తండి.