తొలి ఓటు వేయబోయే పిల్లలకు



వచ్చే అధ్యక్ష ఎన్నికల్లో మీలో చాలామంది మొదటిసారి ఓటు వేస్తారు. పండక్కి నలుగురం కలిసినప్పుడు మీ మాటలు వింటూనే ఉన్నాను. డిబేట్‌లో ఎవరు ఎవరి నోరు మూయించారు, ఎవరి వీడియో ఎంతమంది చూశారు అనే వస్తోంది గానీ, ఈ మనిషి ఇదివరకు ఏం నడిపాడు, దేనికి పూచీ పడ్డాడు అని ఎవరూ అడగడం లేదు. ఆ బెంగతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి పెట్టిన అర్హతలు మూడే. పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు ఈ దేశంలో నివసించి ఉండాలి. అనుభవం ఊసు అందులో లేదు. అది చూసుకోవలసిన బాధ్యత ఓటరు మీద పడింది. అంటే ఇప్పుడు మీ మీద.

అనుభవమంటే నా ఉద్దేశం పదవుల జాబితా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనాధిపతిగా ఉన్న ఐసెన్‌హోవర్ 1944 జూన్‌లో ఏం చేశాడో చూడండి. ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడి 5వ తేదీన జరగాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉండడంతో వాయిదా వేశాడు. 6న కాస్త తెరిపి ఇవ్వవచ్చని వాతావరణ నిపుణులు అన్నారు. ఆ కాస్త ఆశ మీద లక్షన్నర మందికి పైగా సైనికుల ప్రాణాలను పెట్టి సరేనన్నాడు. తర్వాత ఒక కాగితం తీసుకుని, దాడి విఫలమైతే ప్రకటించడానికి పెన్సిల్‌తో నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. సైన్యాన్ని వెనక్కి పిలవడం జరిగింది అన్న ధోరణిలో మొదట రాసి, దాన్ని కొట్టేసి, వెనక్కి పిలిచింది నేనే అని దిద్దాడు. తప్పంటూ ఉంటే అది తనదొక్కడిదే అని ముగించాడు. ఆ హడావుడిలో జూన్‌కు బదులు జూలై అని తేదీ వేశాడు! 1952లో అధ్యక్షుడిగా గెలిచేదాకా ఆయన ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. అయినా ఆయనకు అనుభవం లేదని ఎవరనగలరు?

కెనెడీ సంగతి వేరు. 14 ఏళ్లు కాంగ్రెస్‌లో ఉన్నాడు, గొప్ప వక్త, చురుకైనవాడు. కానీ పెద్ద యంత్రాంగాన్ని తన చేతుల మీద నడిపినవాడు కాదు. 1961 జనవరిలో అధ్యక్ష పదవిలోకి వచ్చాడు. ఏప్రిల్‌లోనే, క్యూబా ప్రభుత్వాన్ని కూల్చడానికి గత ప్రభుత్వ కాలంలో సిఐఎ తయారుచేసిన పథకానికి తలూపి, దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసులను బే ఆఫ్ పిగ్స్ తీరానికి పంపించాడు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది. వందమందికి పైగా చనిపోయారు, వెయ్యిమందికి పైగా పట్టుబడ్డారు. ఆ సమావేశాల్లో అనుమానం ఉన్నవాళ్లు లేకపోలేదు. సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ అప్పుడు గట్టిగా మాట్లాడనందుకు తర్వాత ఎంతో నొచ్చుకున్నాడు. కెనెడీ క్యాంప్ డేవిడ్‌కు ఐసెన్‌హోవర్‌ను పిలిపించుకుంటే, ఆ పెద్దాయన అడిగిన మొదటి విషయాల్లో ఒకటి ఇది: అందరినీ ఎదురుగా కూర్చోబెట్టి, మంచిచెడ్డలు వాదించుకోనిచ్చి ఆపైన నిర్ణయం తీసుకున్నావా?

ఏడాదిన్నర తర్వాత, 1962 అక్టోబరులో, క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. సైనికాధిపతులు వెంటనే బాంబులు వేయాలన్నారు. కెనెడీ ఈసారి తొందరపడలేదు. తను ఎదురుగా ఉంటే మొహమాటపడతారని కొన్ని సమావేశాలకు వెళ్లకుండా, సలహాదారులను వాదించుకోనిచ్చాడు. నౌకా దిగ్బంధం ప్రకటించి, తెర వెనుక బేరసారాలు సాగించి, 13 రోజుల్లో అణుయుద్ధాన్ని తప్పించాడు. మనిషి అదే మనిషి. ఆ పాఠం ఆయనకు వచ్చింది అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాకే, దాని ఖరీదు కట్టింది ఆ తీరానికి వెళ్లినవాళ్లు. ముందే ఎక్కడో చిన్నచోట నేర్చుకుని వచ్చినవాడిని వెతకమని నేను చెప్పేది ఇందుకే.

మీలో చదువుకున్నవాళ్లు వెంటనే లింకన్ పేరు ఎత్తుతారు. నిజమే, ప్రతినిధుల సభలో ఒక్క విడత తప్ప దేశస్థాయిలో ఆయన చేసిన పదవి లేదు. ఆయనకు ముందున్న బుకానన్ సెనేటర్‌గా, రాయబారిగా, విదేశాంగ మంత్రిగా పనిచేసి వచ్చాడు. దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయే సమయంలో, విడిపోయే హక్కు మీకు లేదు, ఆపే అధికారం మాకూ లేదు అని చేతులెత్తేశాడు. లింకనేమో తనతో నామినేషన్‌కు పోటీపడిన సీవార్డ్, చేజ్, బేట్స్‌లను మంత్రివర్గంలోకి తెచ్చుకుని, వాళ్ల మధ్య కూర్చుని అంతర్యుద్ధం నడిపాడు. కాబట్టి ఏళ్లు లెక్కపెట్టి ఊరుకోకండి. కష్టం వచ్చినప్పుడు ఏం చేశాడో చూడండి. లింకన్ లాంటివాడు దొరకవచ్చునన్న ఆశతో మాత్రం ఏమీ నడపని మనిషికి దేశాన్ని అప్పగించడం నాకు ఇష్టం లేదు.

మరి అభ్యర్థి గతం ఎలా తెలుసుకోవాలంటారా? గవర్నర్‌గా చేసినవాళ్లయితే ఆ రాష్ట్రపు బడ్జెట్, తుఫాను వచ్చిన ఏడాది పత్రికలు చదవండి. సెనేటరయితే ఏ బిల్లుకు ఎదుటి పార్టీవాళ్లను ఒప్పించగలిగాడో చూడండి. వ్యాపారం నడిపినవాడైతే, అది దెబ్బతిన్నప్పుడు కూలీలకూ అప్పులిచ్చినవాళ్లకూ ఏమైందో వాకబు చేయండి. కింద పనిచేసినవాళ్లు ఎందుకు మానేశారో తెలిస్తే సగం తెలిసినట్టే.

ఈ ఎంపిక నవంబరులో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అప్పటికి మీ ముందు మిగిలేది ఇద్దరో ముగ్గురో. అసలు వడపోత పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో జరుగుతుంది, మన పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టేది కూడా వాటినే. మన న్యూజెర్సీలో ఎన్నికకు 21 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్ దగ్గరే పార్టీ ఎంచుకుని ప్రైమరీలో ఓటు వేయవచ్చు. ఈ వారాంతంలో మీ నమోదు సరిచూసుకోండి. న్యూహాంప్‌షైర్‌లో చదువుకుంటున్నవాళ్లకు ఇంకో వీలుంది. అక్కడ అభ్యర్థులు చిన్న చిన్న హాళ్లలో కూర్చుని ఎవరడిగినా జవాబు చెబుతారు. లేచి నిలబడి, మీరు తీసుకున్న నిర్ణయాల్లో బెడిసికొట్టింది ఏది, ఆ మర్నాడు ఏం చేశారు అని అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.

ఇట్లు,
మీ మేలు కోరే పెద్దనాన్న,
ఎడిసన్, న్యూజెర్సీ