గంపకు చోటు లేని బజారు ఎవరిది?



నెల కిందట ఒక పొద్దున చూసేసరికి మా టౌన్ సెంటర్లో ఆకుకూరల గంపలు లేవు, ఎండు చేపల తట్టలు లేవు, చెప్పులు కుట్టే పెట్టెలు లేవు. మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చి ఎత్తుకుపోయింది. అడిగితే "ట్రాఫిక్‌కి అడ్డం, పైనుంచి ఆర్డర్" అన్నారు. ఆ పైన ఎవరున్నారా అని ఆరా తీస్తే తేలింది వర్తక సంఘం! వాళ్లు ఒక వినతిపత్రం ఇచ్చారు. మున్సిపాలిటీ దాన్నే తన నిర్ణయం చేసుకుంది.

వర్తక సంఘమంటే ఎవరు? బట్టల కొట్లు, బంగారం కొట్లు, హోల్‌సేల్ కిరాణా, ఎరువుల డీలర్లు. వాళ్లు సంఘం పెట్టుకోవడం తప్పని నేననను. మనమూ పెట్టుకుంటున్నాం. వాళ్ల కష్టం వాళ్లు చెప్పుకోవచ్చు. కానీ వాళ్ల మాటే ఊరి మాట ఎట్లా అయింది? ఎండాకాలం చలివేంద్రం పెడతారు. పోలీసులకు బారికేడ్లు కొనిస్తారు, వాటి మీద సంఘం పేరు రాయిస్తారు. ఆ తర్వాత కమిషనర్ గదిలో కుర్చీ వాళ్లకి, గుమ్మం బయట పడిగాపులు మనకి. మార్కెట్ ఎక్కడుండాలి, ఆశీలు ఎంత, రోడ్డు ఎవరి కోసం... అన్నీ ఆ గదిలోనే తేలిపోతాయి.

రోడ్డు ఇరుకే, కాదనను. మరి మురిక్కాలవ మీద మెట్లు కట్టిందెవరు? పట్టపగలు లారీ నిలబెట్టి బస్తాలు దించేదెవరు? ఆ మెట్లు కొలవడానికి టేపు రాదు. గంప ఎత్తడానికి మాత్రం ట్రాక్టర్ వస్తుంది. షట్టర్ లోపల అమ్మితే వ్యాపారమట, నేల మీద అమ్మితే ఆక్రమణట! షట్టర్ల వెనక ఏ కులాలున్నాయో, నేల మీద ఏ కులాలున్నాయో ఒకసారి చూడండి. ఊరూ వాడా తేడా టౌనుకొచ్చినా పోలేదు.

మా అమ్మ ఈ సెంటర్లోనే గోంగూర, తోటకూర అమ్మింది. ఆ చిల్లరతోనే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. ఇవాళ అక్కడ అమ్ముకునే తల్లుల పిల్లలు నా క్లాసులో ఉన్నారు. గంపలు పోయిన మర్నాటి నుంచి ఇద్దరు బడికి రావడంలేదు.

చట్టం సంగతి వినండి. 2014లో వీధి విక్రయదారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో వర్తక సంఘాలకూ చోటుంది. అయితే నూటికి 40కి తగ్గకుండా వీధిలో అమ్ముకునేవాళ్లే, తమలో తాము ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, వికలాంగులకు తగిన చోటు. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. మా దగ్గర నోటీసు లేదు, జాబితా లేదు. కమిటీ ఉందో లేదో అమ్ముకునేవాళ్లకే తెలియదు. 2020లో పీఎం స్వనిధి కింద పదివేల అప్పు ఇప్పించేటప్పుడు వీళ్లని వీధి వ్యాపారులన్నారు. అప్పు కట్టించుకోవడానికి వ్యాపారులు, కూర్చోవడానికి ఆక్రమణదారులా?

కాగితం మీద హక్కు దానంతటది నడిచి రాదు. మహద్ మున్సిపాలిటీ 1924లోనే చవదార్ చెరువు అందరిదని తీర్మానించింది. 1927లో బాబాసాహెబ్ వేల మందితో వెళ్లి ఆ నీళ్లు తాగేదాకా అది కాగితమే. తాగాక అదే ఏడాది మున్సిపాలిటీ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. అయినా మనవాళ్లు వదల్లేదు.

మనం చేయాల్సింది ఇది. పల్లెల నుంచి వచ్చి అమ్ముకునే ప్రతి ఒక్కరి పేరూ రాయండి. ఆశీలు రసీదులు, స్వనిధి కాగితాలు దాచండి. కమిటీలో ఎవరున్నారో, ఏం తీర్మానించారో సమాచార హక్కు కింద అడగండి. సర్వే చేయమని, ఎన్నిక పెట్టమని కమిషనర్‌కి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒక్కరు వెళ్తే గుమ్మం దగ్గరే ఆపుతారు, అందరం కలిసి వెళ్దాం.

వాళ్ల కుర్చీలో వాళ్లని కూర్చోనివ్వండి. మన కుర్చీల్లో మనం కూర్చుందాం.

జై భీమ్!